ట్యాంకరు దించు వేళ ఊరంతా అప్రమత్తం కావాలి

2025 జనవరి 3న తెల్లవారుజామున కోయంబత్తూరు అవినాశి రోడ్డు వంతెనపై సుమారు 18 టన్నుల వంటగ్యాసుతో వెళ్తున్న ట్యాంకరు బోల్తాపడి లీకైంది. సమీప పాఠశాలలకు సెలవు ప్రకటించారు. అగ్నిమాపక సిబ్బంది గంటల తరబడి నీరు చల్లారు. ప్రాణనష్టం తప్పింది.

1997 సెప్టెంబరు 14న విశాఖపట్నం రిఫైనరీలో అది తప్పలేదు. ఓడ నుండి గ్యాసు దించుకొనే సమయంలో లీకై, మంటలు చెలరేగి దాదాపు 60 మంది మరణించారు. ప్రమాదం ప్రయాణంలోనే కాదు, సరుకు దించేటప్పుడూ పొంచి ఉంటుందన్నమాట.

తిరుమంగలం–కొల్లం జాతీయ రహదారిపై ఉన్న మన రాజపాళయం బంకులకు ఇంధనం ట్యాంకర్లలోనే వస్తుంది. బండి నిలిపిన వెంటనే ఇంజను ఆపాలి, చక్రాలకు అడ్డు పెట్టాలి, గొట్టం కలపడానికి ముందే ఎర్తు తీగ తగిలించాలి. ఇంధన ప్రవాహంలో పుట్టే స్థిర విద్యుత్తు నిప్పురవ్వగా మారకుండా ఆ తీగ కాపాడుతుంది. పని ముగిసే వరకు డ్రైవరు, బంకు ఉద్యోగి అక్కడే ఉండాలి; మంటలార్పే సిలిండరు చేతికందాలి.

పెట్రోలు ఆవిరి, వంటగ్యాసు రెండూ గాలికన్న బరువైనవి. అవి నేలబారున పాకి కాలువలలో నిలుస్తాయి. దూరాన వెలిగించిన బీడీ చాలు, అనర్థానికి.

కనుక ట్యాంకరు దించుతుండగా మన బండికి పెట్రోలు పోయమని తొందరపెట్టరాదు. ఒలికిన ఇంధనం కొరకు బిందెలతో పరుగెత్తరాదు. ఘాటైన వాసన వస్తే గాలికి ఎదురుగా, మెరక వైపు వెళ్లి 112కు, వంటగ్యాసు లీకైతే 1906కు ఫోను చేయాలి. ఎర్తు తీగ తగిలించారా అని బంకువారిని అడగడం తగవు కాదు. ఆ పక్క ఇళ్లలో నిద్రించే పిల్లలు మనవారే.