90 రోజుల చమురు నిల్వ ఎవరి ఖర్చుతో?

గల్ఫ్‌లో యుద్ధమనే మాట వినబడితే నిర్మల్ ప్రాంతంలో ఎన్నో ఇళ్లలో రెండు బెంగలు మొదలవుతాయి: అక్కడున్న కొడుకు క్షేమం, ఇక్కడి డీజిల్ ధర. మన దేశం వాడే ముడిచమురులో 85 శాతానికి పైగా దిగుమతే. అయినా చమురు కొనే దేశాలు కష్టకాలంలో ఒకరినొకరు ఆదుకునేందుకు 1974లో పెట్టుకున్న అంతర్జాతీయ ఇంధన సంస్థలో మనం ఇంకా పూర్తి సభ్యులం కాదు.

2017లో అనుబంధ దేశంగా చేరాం. 2023లో పూర్తి సభ్యత్వం అడిగాం. 2024 ఫిబ్రవరిలో పారిస్‌లో సభ్య దేశాల మంత్రులు చర్చలకు ఒప్పుకున్నారు. చిక్కులు రెండు. ధనిక దేశాల కూటమి ఓఈసీడీలో ఉన్నవారికే సభ్యత్వమన్న నిబంధన ఒకటి. దాన్ని మార్చుకోవలసింది వాళ్లే. రెండోది, 90 రోజుల దిగుమతులకు సమానమైన నిల్వ. ఇది మన పని.

విశాఖపట్నం, మంగళూరు, పాదూరు భూగర్భ గుహల్లో 53 లక్షల టన్నులు పడుతుంది. నిండుగా ఉన్నా దాదాపు తొమ్మిదిన్నర రోజులకే. ఆయిల్ కంపెనీల నిల్వలు కలిపినా 74 రోజులని ప్రభుత్వమే చెప్పింది. 2020లో ధర పడిపోయినప్పుడు గుహలు నింపి 5,000 కోట్ల రూపాయలకు పైగా మిగిల్చామనీ చెప్పింది. తెలివైన పనే. అయితే అలాంటి ధర రోజూ దొరకదు కదా!

సభ్యత్వం ఎవరి దగ్గర కొనాలో శాసించదు కనుక చేరడమే మేలు. చండీఖోల్, పాదూరుల్లో మరో 65 లక్షల టన్నుల గుహలకు 2021లోనే కేంద్రం ఆమోదం తెలిపింది. వాటిని నింపే సొమ్ము ఎక్కడిదో ముందే పార్లమెంటులో తేల్చాలి. డీజిల్‌పై మరో సెస్సుగా వస్తే, ఆ బిల్లు కట్టేది ట్రాక్టరు నడిపే రైతే.