ముద్దనూరు మాటలు – 17: లాప్‌టాప్ మనది, తాళంచెవి ఎవరిది?



ఈ వారం లాప్‌టాప్‌లో విండోస్ యాక్టివేషన్ గురించి రాస్తానంటే ఒక పెద్దమనిషి ఫోన్ చేసినాడు. "కారంచేడు, చుండూరు గురించి రాసే చేత్తో ఇప్పుడు కంప్యూటర్ రిపేరు పాఠాలు రాస్తావా?" అని అడిగినాడు. రాస్తాను సార్. ఈరోజు స్కాలర్‌షిప్ కావాలన్నా, ఏపీపీఎస్సీకి దరఖాస్తు పెట్టాలన్నా, ప్రొద్దుటూరు బట్టల కొట్లో లెక్కలు రాసే కొలువు కావాలన్నా తెర ముందు కూచోవాల్సిందే. ఆ తెర మీద మన పిల్లలకు హక్కు ఉందో లేదో ఎవరు తేలుస్తున్నారు? ఆ తేల్చేవాడికి మన పిల్ల ఎదురు ప్రశ్న వెయ్యగలదా? నాకు ఇది ఉద్యమం బయటి సంగతిగా కనపడలేదు.

మా కాలనీలో ఒక చెల్లెలు బీకాం చివరి సంవత్సరం చదువుతోంది. నాయన నాపరాయి గనిలో బండలు తీస్తాడు. అమ్మ ఉపాధి పనికి పోతుంది. ఇద్దరూ కూడబెట్టి 14 వేలు పెట్టి పాత లాప్‌టాప్ కొనిచ్చినారు, ట్యాలీ, ఎక్సెల్ నేర్చుకోమని. అది నెమ్మదించింది. ఒక దుకాణానికి తీసకపోతే "ఫార్మాట్ కొట్టి కొత్త విండోస్ వేస్తాం, మామూలుది కాదు, ప్రో వేస్తాం, ఒరిజినలే" అని 800 తీసుకున్నారు. బిల్లు లేదు. ఆరు నెలలు తిరిగేసరికి తెర కింద మూలన "యాక్టివేట్ విండోస్" అని మసక అక్షరాలు తేలినాయి. మళ్లీ పోయింది. "టైమ్ అయిపోయిందమ్మా, ఇంకో 800 కట్టు, లేకుంటే లోపల ఉండేదంతా పోతాది" అన్నారు. ఆ దుకాణం పేరు నేను రాయను. ఒక్క దుకాణం సంగతి అయితే రాసి పక్కన పెట్టేవాణ్ణి. జమ్మలమడుగులో అడగండి, పులివెందులలో అడగండి, ఇదే కథ వింటారు.

అసలు జరిగిందేమిటో విప్పి చెప్పుకుందాం.

2012లో విండోస్ 8 వచ్చినప్పటి నుంచి, విండోస్‌తో అమ్మే లాప్‌టాప్‌లలో లైసెన్సు కీ మదర్‌బోర్డు మీది చిప్‌లోనే రాసి ఉంటుంది. అంతకుముందు అడుగున స్టిక్కర్ మీద అచ్చేసేవాళ్లు. ఇప్పుడు కంటికి కనపడదు. హార్డ్ డిస్క్ మార్చినా, పదిసార్లు ఫార్మాట్ కొట్టినా ఆ కీ పోదు. ఆ లాప్‌టాప్ తొలిసారి అమ్మినప్పుడే ఆ కీ డబ్బులు ధరలో కలిపి వసూలు చేసినారు. లాప్‌టాప్ చేతులు మారితే దాంతోపాటే వస్తుంది. అంటే మా చెల్లెలు 14 వేలు పెట్టి కొన్నరోజే ఆమెకు అసలైన విండోస్ ఉంది.

అయితే ఆ కీ ఒక రకానికే పనిచేస్తుంది. మన దగ్గర ఇళ్లకు అమ్మే లాప్‌టాప్‌లలో ఎక్కువగా ఉండేది హోమ్, లేకుంటే హోమ్ సింగిల్ లాంగ్వేజ్. దుకాణంలో దాని మీద ప్రో ఎక్కించినారు. హోమ్ కీతో ప్రో యాక్టివేట్ కాదు. అందుకని దొంగదారి పట్టినారు. పెద్ద కంపెనీలకు, యూనివర్సిటీలకు మైక్రోసాఫ్ట్ ఇచ్చే కేఎంఎస్ అనే పద్ధతి ఒకటుంది. ఆ సంస్థ సొంత సర్వర్ దగ్గర ప్రతి కంప్యూటరూ హాజరు వేయించుకుంటుంది. ఒక్క హాజరు 180 రోజులు చెల్లుతుంది. దుకాణంలో వాడే దొంగ పనిముట్టు లాప్‌టాప్‌లోనే ఒక బొమ్మ సర్వర్‌ను కూచోబెట్టి, మీది కూడా పెద్ద కంపెనీ కంప్యూటరే అని నమ్మిస్తుంది. యాంటీవైరస్ దాన్ని పట్టుకుని తీసేస్తే హాజరు ఆగిపోతుంది, గడువు దాటగానే మసక అక్షరాలు వస్తాయి. ఆరు నెలల లెక్క ఇదీ.

ఆమెకు ఉన్న హక్కును పక్కకు నెట్టి, లేని హక్కును 800కు అమ్మినారు. ఇప్పుడు రెన్యువల్ అడుగుతున్నారు.

ఇక ఆ "అంతా పోతాది" అనే బెదిరింపు. యాక్టివేషన్ లేకపోతే ఫైళ్లు పోవు. వాల్‌పేపర్, రంగులు మార్చుకోనియ్యదు, గుర్తుచేస్తూ ఉంటుంది, అంతే. ట్యాలీ తెరుచుకుంటుంది, ఎక్సెల్ ఫైలు అక్కడే ఉంటుంది. చదువుకునే పిల్లను భయపెట్టి 800 గుంజడానికి పుట్టించిన మాట అది.

నిజంగా భయపడాల్సినవి వేరే రెండున్నాయి, వాటి సంగతి చెప్పరు. మొదటిది, ఆ దొంగ పనిముట్టు పనిచెయ్యాలంటే ముందు యాంటీవైరస్‌ను ఆపాలి. ఎవరు తయారుచేసినారో తెలియని ప్రోగ్రామ్‌కు ఇంటి తలుపులు బార్లా తెరిచి, అదే లాప్‌టాప్‌లో ఆధార్, బ్యాంకు, జ్ఞానభూమి పాస్‌వర్డ్ కొడుతున్నాం. రెండోది, మైక్రోసాఫ్ట్ అకౌంట్. దుకాణంలోనే వాళ్ల మెయిల్‌తో, వాళ్ల ఫోన్ నంబరుతో అకౌంట్ తెరిచి లాప్‌టాప్ చేతికిస్తారు. కొత్త విండోస్ 11లో డిస్క్‌కు తాళం దానంతటదే పడుతున్న లాప్‌టాప్‌లు ఎక్కువవుతున్నాయి. దాని రికవరీ కీ ఆ అకౌంట్‌లోకే పోతుంది. రేపు ఏదో అప్‌డేట్ తర్వాత 48 అంకెల కీ అడిగితే? ఇల్లు మనది, తాళంచెవి ఎవరో అబ్బాయి పాత మెయిల్‌లో ఉంటుంది. అప్పుడు నిజంగానే అంతా పోతుంది.

ఇక్కడ నీతిమంతులు లేస్తారు. "పైరసీ దొంగతనం, మీవాళ్లు ఊరికే వచ్చేది వెతుక్కుంటారు" అని. అయ్యా, ఆమె దేనికీ ఎగ్గొట్టలేదు. లాప్‌టాప్‌కు కట్టింది, దుకాణానికి కట్టింది. "ఒరిజినలే" అన్న మాటకు కట్టింది. మరి చట్టం ఎవరి మెడ మీద వేలాడుతోందో చూడండి. కాపీరైట్ చట్టం 1957, సెక్షన్ 63బి ప్రకారం దొంగ కాపీ అని తెలిసి ప్రోగ్రామ్ వాడితే 7 రోజులకు తగ్గకుండా 3 ఏళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. వ్యాపారం కోసం కాకుంటే జైలు లేకుండా 50 వేల లోపు జరిమానాతో వదలొచ్చు. "తెలిసి" అనే మాట ఉంది కాబట్టి ఆమెకు తప్పించుకునే దారి ఉంది. కానీ తెలియదని దేంతో చూపిస్తుంది? బిల్లే ఇవ్వకపోతే? వేసినవాడి పేరు ఎక్కడా ఉండదు, వాడిన పిల్ల పేరు తెర మీదే ఉంటుంది.

మనవాళ్లకు ఈ కథ కొత్తది కాదు. డీకేటీ పట్టా గుర్తుందా? భూమిలేని పేదలకు ప్రభుత్వం ఇచ్చిన భూమిని అమ్మకూడదు, కొనకూడదు అని 1977లో అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం వచ్చింది. మనల్ని కాపాడటానికే వచ్చింది. కానీ ఆ కాగితంలో ఏముందో చదివి చెప్పే మనిషి మన వాడలో లేడు. చదివినవాడు ఊర్లో ఉన్నాడు. పట్టా మన ట్రంకుపెట్టెలో, సేద్యం వాళ్ల చేతిలో. ఇరవై ఏళ్లు దాటినవాళ్లకు హక్కులిస్తూ 2023లో చట్టం మార్చేనాటికి ఎన్ని పట్టాల భూమి మనవాళ్ల కాళ్ల కింద మిగిలింది? మీ మీ ఊళ్లలో మీరే లెక్క చూసుకోండి. లైసెన్సు కూడా అలాంటిదే. వాడుకునే హక్కు ఉంది, షరతులున్నాయి, ఆ షరతులు ఇంగ్లీషులో ఉన్నాయి. చదివినవాడిదే రాజ్యం.

బాబాసాహెబ్ మహద్ పోరాటం కూడా తలుచుకోండి. సార్వజనిక చెరువులు, బావులు అందరివీ అని బొంబాయి శాసనమండలి 1923లోనే తీర్మానం చేసింది. మహద్ మునిసిపాలిటీ కూడా చవదార్ చెరువును అందరికీ తెరిచినట్టు రాసుకుంది. కాగితం మీద హక్కు వచ్చేసింది. కానీ 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేలమందితో నడిచిపోయి దోసిలి పట్టేదాకా ఆ నీళ్లు మనవాళ్ల గొంతు దిగలేదు. తాగే నీళ్లకూ లాప్‌టాప్‌కూ పోలికేమిటని అడగొద్దు. రెండూ సమానమని నేను అనడం లేదు. రాసి ఉన్న హక్కు, నడిచిపోయి తీసుకునేదాకా హక్కు కాదని మహద్ చెప్పింది. ఆ పాఠం చిప్‌లో రాసి ఉన్న కీకి కూడా వర్తిస్తుంది.

"ఇందులో కులం ఎక్కడుంది? రెడ్డిగారి అబ్బాయి లాప్‌టాప్‌లో కూడా ఇదే ప్రో వేస్తారు కదా" అంటారు. వేస్తారు. కానీ ఆ అబ్బాయికి మసక అక్షరాలు కనపడగానే హైదరాబాదులో బావకో, డల్లాస్‌లో చిన్నాన్నకో ఫోన్ చేస్తాడు. పది నిమిషాల్లో సమాధానం వస్తుంది. మా చెల్లెలికి ఫోన్ చెయ్యడానికి ఎవరున్నారు? ఇంట్లో మొదటిసారి డిగ్రీ గడప తొక్కింది ఆమే. తరాలుగా చదువు దాచుకున్న ఇళ్లలో తెలివి బంధుత్వం గుండా నడుస్తుంది. మనకు అది 800 పెట్టి కొనుక్కునే సరుకు, అది కూడా కల్తీది. కౌంటర్ దగ్గర లాప్‌టాప్‌ను అవతలికి తిప్పుకుని "నీకెందుకమ్మా ఇవన్నీ, పనైతే చాలు కదా" అంటారే, ఆ మాట మన తాతలు కరణం ముందు నిలబడి విన్నదే.

ఆ కౌంటర్ వెనకాల కూచున్న కుర్రోడి మీద నాకు కోపం లేదు. చాలాచోట్ల వాడూ మన పిల్లోడే. పెన్‌డ్రైవ్‌లో యజమాని ఇచ్చిందే వేస్తాడు, జీతం నెల గడవడానికి చాలదు. నా పోట్లాట ఆ పెన్‌డ్రైవ్‌తో, దాని వెనకాల ఉన్న లెక్కతో.

ఇంకొక వర్గముంది. "విండోస్ ఎందుకు, లైనక్స్ వేసుకోండి" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీద నాకు గౌరవముంది. కేరళ ప్రభుత్వ బడుల్లో ఏళ్ల తరబడి పిల్లలు దాని మీదే చదువుకుంటున్నారు, ఏ కీ కోసమూ ఎవరి ముందూ నిలబడరు. బెంగళూరు సుదర్శన్ లేఅవుట్ మురికివాడలో అంబేడ్కర్ పేరుతోనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కంప్యూటర్ కేంద్రం పెట్టి పిల్లలకు నేర్పినారు. మన తెలుగులో స్వేచ్ఛ సంస్థ ఆ పని చేస్తోంది. కానీ ప్రొద్దుటూరు బంగారు అంగట్లో లెక్కలు రాయాలంటే ట్యాలీ రావాలి, ట్యాలీ విండోస్ మీద నడుస్తుంది. కొలువు ఇచ్చేవాడు మారకుండా కొలువు అడిగే పిల్లను మారమంటే ఎట్లా? రెండూ నేర్పండి. ముందు ఆమెకున్న హక్కు ఆమె చేతికి రానియ్యండి.

తెలిసినవాళ్లు, అడిగినవాళ్లు ఎట్లా సాధిస్తారో ఇంకో ముక్క చెప్తాను. విండోస్ 10కి ఉచిత భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆపేసినారు. ఇంకో ఏడాది కావాలంటే డబ్బు కట్టండి, లేదా మీ సెట్టింగ్స్ మా అకౌంట్‌లో దాచండి అని షరతులు పెట్టినారు. యూరప్‌లో వినియోగదారుల సంఘాలు నిలదీసినాయి. అక్కడివాళ్లకు డబ్బు లేకుండా, ఆ దాచుకునే షరతు లేకుండా ఇస్తామని కంపెనీ దిగొచ్చింది. మనకు దిగిరాలేదు, మనం అడగలేదు కాబట్టి. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి కూలి రోజుకు 307 రూపాయలు. కొత్త విండోస్ లైసెన్సు కొనాలంటే వేలల్లో మాట. ఎన్ని రోజుల మట్టి తట్టలో మీరే లెక్కెయ్యండి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇప్పుడు పనిలోకి వద్దాం.

దుకాణానికి పోకముందే సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో యాక్టివేషన్ తెరిచి మీది హోమో ప్రోనో రాసిపెట్టుకోండి, ఫోటో తీసుకోండి. విండోస్ బటన్, ఆర్ కలిపి నొక్కి, వచ్చిన పెట్టెలో ఎస్ ఎల్ ఎమ్ జి ఆర్ అనే ఇంగ్లీషు అక్షరాలు కలిపి, ఖాళీ వదిలి, స్లాష్, ఎక్స్ పి ఆర్ అని కొట్టండి. శాశ్వతంగా యాక్టివేట్ అయిందని వస్తే ఊపిరి పీల్చుకోండి. ఇంటి లాప్‌టాప్‌లో గడువు తేదీ చూపిస్తే అది ఆ ఆరు నెలల హాజరే.

దొంగ ప్రో పడి ఉంటే ఫైళ్లన్నీ వేరే డ్రైవ్‌లోకి దాచుకోండి. 8 జీబీ పెన్‌డ్రైవ్ తీసుకుని, మైక్రోసాఫ్ట్ సైట్ నుంచే మీడియా క్రియేషన్ టూల్ దించుకుని మొదటి నుంచి వెయ్యండి. చిప్‌లో ఉన్న కీని ఇన్‌స్టలేషనే చదువుకుని తగిన రకాన్ని ఎంచుకుంటుంది. నెట్‌కు కలిపితే యాక్టివేట్ అవుతుంది. మా చెల్లెలి లాప్‌టాప్‌లో మొన్న ఆదివారం ఇదే చేసినాం. కీ అడగలేదు, పైసా అడగలేదు. అకౌంట్ మీ మెయిల్‌తో, మీ నంబరుతోనే తెరవండి. రికవరీ కీని కాగితం మీద రాసి సర్టిఫికెట్ల ఫైల్లో పెట్టుకోండి. మదర్‌బోర్డు మార్పించేటప్పుడు మాత్రం జాగ్రత్త, కీ ఉండేది దాని మీదే. పాతది పోతే ఆ హక్కు కూడా పోవచ్చు.

దుకాణంలో ఒకే మాట అడగండి: "ఏ రకం వేసినారో బిల్లు మీద రాసివ్వండి." ఒక్కరు అడిగితే నవ్వుతారు. ముద్దనూరు నుంచి పోయిన ప్రతి పిల్లా అడిగితే పెన్‌డ్రైవ్ మారుతుంది.

ప్రభుత్వాన్ని అడగాల్సింది వేరే ఉంది. సాంఘిక సంక్షేమ వసతి గృహాల్లో, అంబేడ్కర్ గురుకులాల్లో ఈ పని నేర్పండి. మన పిల్లలకు ఇచ్చే ప్రతి లాప్‌టాప్‌తో తెలుగులో ఒక కాగితం ఇవ్వండి: ఇందులో ఏ లైసెన్సు ఉంది, పోతే ఎట్లా తెచ్చుకోవాలి, ఎవర్ని అడగాలి. సంక్షేమ శాఖ అధికారికి ఇవ్వడానికి ఈ రెండు డిమాండ్లతో అర్జీ రాసినాం. వచ్చే సోమవారం గ్రీవెన్స్‌కు పోతున్నాం. సంతకం పెట్టేవాళ్లు, వెంట నడిచేవాళ్లు పొద్దున 8 గంటలకు ముద్దనూరు బస్టాండు దగ్గరికి రండి. లాప్‌టాప్ ఉన్నోళ్లు దాన్ని కూడా తీసుకురండి, దారిలో చూసుకుందాం.

అధికారి ఏమన్నాడో పద్దెనిమిదో భాగంలో రాస్తాను.

జై భీమ్.