పరిహారం చేతికి వచ్చాకే భూమి

గన్నవరం విమానాశ్రయ విస్తరణకు బుద్ధవరం, కేసరపల్లి, అజ్జంపూడి రైతులు పంట భూములిచ్చారు. బదులుగా అమరావతిలో ప్లాట్లు ఇస్తామన్నారు. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట రాగానే ఆ ప్లాట్ల విలువ పడిపోయింది. రన్‌వే మాత్రం 3,360 మీటర్లకు పెరిగింది. ప్రభుత్వం మారితే నష్టం రైతుకేనా?

2013 భూసేకరణ చట్టం 38వ సెక్షన్ ప్రకారం పూర్తి పరిహారం చెల్లించాకే భూమి స్వాధీనం చేసుకోవాలి. సమీకరణ అనగానే ఆ రక్షణ పోతోంది. విమానాశ్రయాలకు మనం అడ్డు కాదు. కానీ ఒక ప్రాజెక్టు భూమికి మరో ప్రాజెక్టు హామీని ముడిపెట్టొద్దు. రేపు ఏ ఊరికి అధికారులొచ్చినా గ్రామసభలో ఒకటే అడగండి: ముందు రిజిస్ట్రేషన్ చేయండి, తర్వాతే సంతకం.