కళ – తరాల బాధ్యత

కళాఖండానికి దానిని సృష్టించినవాడే సర్వస్వమని లోకం భావిస్తుంది. శిల్పి పేరు, కవి పేరు, సంగీతకర్త పేరు చరిత్రలో నిలుస్తాయి. ఆ సృష్టిని కాపాడి తరువాతి తరానికి అందించినవారిని తలచుకునేవారు అరుదు. ఇది న్యాయం కాదు. సృష్టించడం ఎంత గొప్పదో నిలబెట్టడమూ అంతే గొప్పది. జర్మనీ కళాచరిత్రలోని కొన్ని వింతలు ఈ సత్యాన్ని చాటుతాయి.

రైన్ నదీతీరాన కొలోన్ నగరంలో ఒక మహాదేవాలయం ఉంది. ఈ క్రైస్తవ ప్రార్థనా మందిరానికి 1248లో పునాది పడింది. 1322 నాటికి తూర్పు భాగం పూర్తయింది. కాని 16వ శతాబ్దంలో పని ఆగిపోయింది. అసంపూర్ణమైన దక్షిణ గోపురంపై రాళ్లను పైకెత్తే కొయ్య యంత్రం మూడు శతాబ్దాలకు పైగా అలాగే నిలిచి ఉంది. చూసినవారికి అది ఆరంభశూరత్వానికి గుర్తుగా తోచి ఉండవచ్చు. అయితే ముఖభాగం కోసం మధ్యయుగ శిల్పులు చర్మపత్రంపై గీసిన పటంలో ఒక సగం 1814లో డార్మ్‌స్టాట్ నగరంలో, మరొక సగం 1816లో పారిస్‌లో లభించాయి. 1842లో పని తిరిగి మొదలై, 1880లో 157 మీటర్ల ఎత్తైన జంట గోపురాలతో ముగిసింది. పునాది వేసినవారికీ శిఖరం నిలిపినవారికీ మధ్య 632 ఏళ్ల ఎడం ఉంది. అయినా ముఖభాగానికి ఆ పాత పటమే ఆధారమైంది.

సంగీతం రాతికంటె సున్నితమైనది. రాయి శిథిలమైనా కంటికి కనిపిస్తుంది. పాడేవారు లేని పాట చెవికి వినిపించదు. 1750లో మరణించిన బాక్ మహాశయుని ‘సెయింట్ మాథ్యూ పాషన్’ క్రమంగా మరుగునపడింది. ఆ రచన ప్రతిని ఒక అమ్మమ్మ తన మనుమడికి కానుకగా ఇచ్చింది. ఆ మనుమడే ఫెలిక్స్ మెండెల్సన్. 1829లో, ఇరవయ్యేళ్ల ప్రాయంలో, ఆయన బెర్లిన్‌లో దానిని ప్రదర్శింపజేసి బాక్ కీర్తికి మళ్లీ ప్రాణం పోశాడు.

అయితే ప్రతి తరమూ కాపాడే తరం కాదు. 1933 మే 10న బెర్లిన్‌లో నాజీ విద్యార్థులు వేలాది గ్రంథాలను మంటల పాలు చేశారు. లైప్‌జిగ్‌లో 1892 నుంచి నిలిచిన మెండెల్సన్ విగ్రహాన్ని 1936లో తొలగించారు. ఆయన యూదు కుటుంబంలో పుట్టడమే వారి దృష్టిలో నేరమైంది. బాక్‌ను బ్రతికించినవానికే ఆ దేశంలో చోటు లేకపోయింది! తరువాతి తరాలు ఈ కళంకాన్ని దాచలేదు. పుస్తకాలు తగలబెట్టిన చోటనే 1995లో నేల అడుగున ఖాళీ అరల గదిని నిర్మించి, పైన గాజు పలక అమర్చారు. 2008లో మెండెల్సన్ విగ్రహ ప్రతిరూపాన్ని లైప్‌జిగ్‌లో నెలకొల్పారు. తప్పును గుర్తుంచుకోవడం కూడా వారసత్వ రక్షణలో భాగమే.

హాల్బర్‌స్టాట్ పట్టణంలో ఒక పాత చర్చిలో 2001లో ఆరంభమైన సంగీత ప్రదర్శన 2640లో ముగియవలసి ఉంది. అమెరికా సంగీతకర్త జాన్ కేజ్ తన రచనను వీలైనంత నెమ్మదిగా వాయించాలన్నాడు. అక్కడి ఆర్గన్ వాద్యంపై ఒక స్వరం మారడానికి నెలలు, ఒక్కొక్కసారి సంవత్సరాలు పడుతుంది. దానిని ఆరంభించినవారిలో ఏ ఒక్కరూ ముగింపు వినలేరు.

ఆకలి, నిరుద్యోగం ఉన్న లోకంలో ఇటువంటి పనులకు ధనం వెచ్చించడం వృథా అని కొందరు వాదిస్తారు. ఆ వాదాన్ని తేలికగా తీసివేయరాదు. అన్నం లేనివానికి గోపురం అన్నం పెట్టదు. కాని తన జీవితకాలంలో ఫలితం చూడలేని పనికి పూనుకోవడం మనిషికి మాత్రమే సాధ్యమైన ఔదార్యం. ఆ గుణం నశిస్తే కళలే కాదు, అడవులు, నదులు, గ్రంథాలయాలు కూడా మిగలవు. అవన్నీ ముందు తరాల మేలు కోరినవారి వల్లనే నిలుస్తాయి.

వారసత్వం అనుభవించడానికి మాత్రమే లభించిన ఆస్తి కాదు, అప్పగించవలసిన నిక్షేపం. దానిని పెంచేదీ, తగలబెట్టేదీ మనుషుల చేతులే. ఏ చేతులు కావాలో ప్రతి తరమూ తనకు తానే నిర్ణయించుకోవాలి.