విమానమా, ముత్యమా?

బహ్రెయిన్‌లో 2019లో ఒక పాత బోయింగ్ 747 విమానాన్ని సముద్రంలో ముంచారు. పొడవు దాదాపు 70 మీటర్లు. డైవింగ్ చేసేవాళ్ళ కోసం కట్టిన నీటి అడుగు పార్కు అది. అందరూ విమానం ఫోటోలే పెడతారు. నాకైతే అక్కడి ముత్యపు చిప్పలే గొప్ప.

పాతరోజుల్లో ముత్యాల కోసం సిలిండర్ లేకుండా మునిగేవారు. ముక్కుకి క్లిప్పు, కాలి దగ్గర రాయి, బిగబట్టిన ఊపిరి, అంతే. చాలామంది అప్పుల్లోనే బతికారు.

మనం హైదరాబాదుని ముత్యాల నగరం అంటాం. అక్కడ సముద్రమే లేదు కదా! గల్ఫ్ ముత్యాలు అక్కడి బజారుకి వచ్చేవి. నగ చూపించి మురిసిపోయేటప్పుడు, మునిగినవాళ్ళ గురించి కూడా పిల్లలకి చెప్పాలి. (మునగడం, ముంచడం తేడా కూడా వాళ్ళకి వస్తుంది.)

విమానం చూడండి, తప్పులేదు. కానీ ముందు ముహర్రఖ్‌లో ముత్యాల దారి నడవండి. 2012 నుంచి అది యునెస్కో జాబితాలో ఉంది.