ఈసుకపోయిన పిల్లను ఎత్తే చేయి ఎవరిది?

గొర్రెలు ఈనే కాలం వస్తే మంద ఉన్న ఇంట్లో సంబురం ఉండాలి. కానీ ఎన్నో ఊళ్ళల్లో ఆ కాలమే భయం. ఒక సూడి గొర్రె నెలలు నిండకముందే ఈసుకపోతది. రెండు రోజులకు ఇంకోటి. వారం తిరిగేసరికి నాలుగైదు. దిష్టి అంటారు, గాలి సోకిందంటారు, మొక్కు బాకీ ఉందంటారు. మొక్కు తీరుస్తారు, అప్పు మిగులుతుంది. ఈసుకపోవడం మాత్రం ఆగదు. ఎందుకంటే అది దిష్టి కాదు, అంటురోగం.

వంద సూడి గొర్రెల్లో ఒకటో రెండో దెబ్బ తగిలో, మేత చాలకో ఈసుకపోవచ్చు. వరుసబెట్టి పోతున్నాయంటే మందలో క్రిమి దూరిందనే అనుకోవాలి. బ్రూసెల్లా, క్లమీడియా, టాక్సోప్లాస్మా - ఇట్లాంటివి చాలా ఉన్నాయి. వీటిలో మనిషిని ఎక్కువ కాలం పీడించేది బ్రూసెల్లా. గొర్రె ఐదు నెలలు మోస్తది. ఈ రోగం సోకితే ఎక్కువగా చివరి రెండు నెలల్లో ఈసుకపోతది. ఆ పిల్లలో, మాయలో, కారే నీటిలో క్రిములు కుప్పలుగా ఉంటాయి. దాన్ని నాకిన గొర్రెకు, ఆ చోట మేసిన గొర్రెకు అంటుకుంటది. ఒకసారి ఈసుకపోయిన గొర్రె మళ్ళీ కట్టి మామూలుగా ఈనవచ్చు. రోగం పోయిందని మనం అనుకుంటాం. క్రిమి మాత్రం దాని పాలలో, మాయలో బయటికి వస్తూనే ఉంటది.

గొర్రె వరకే ఆగితే ఇది మంద సంగతి. కానీ తాకిన మనిషికి కూడా సోకుతుంది. కనుక అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: తాకుతున్నది ఎవరు?

చిన్న మంద అయితే గొల్ల, కురుమ ఇంటి ఆడవాళ్ళు. దొడ్డి ఊడ్చేది వాళ్ళే. పెద్ద మంద అయితే జీతగాడు. చచ్చినదాన్ని ఊరవతల పారేయడానికి కొన్ని ఊళ్ళల్లో ఇప్పటికీ కబురొచ్చేది మన వాడకే. కోసేచోట, తోలు ఒలిచేచోట ఉన్నవీ మన చేతులే. ఆ చేతులకు తొడుగు లేదు. గాయం ఉంటే గాయంలోంచే క్రిమి పోతది.

తర్వాత జ్వరం. వస్తది, పోతది, మళ్ళీ వస్తది. రాత్రి చెమటలు, నడుము నొప్పి, కీళ్ళ నొప్పులు. మలేరియా అని ఒక చోట, టైఫాయిడ్ అని ఇంకో చోట సూదులు పడతాయి. మగవాళ్ళకు వృషణాలు వాయవచ్చు. గర్భిణికి గర్భం పోయే ప్రమాదం ఉంది. దీనికి మందు లేక కాదు. రెండు రకాల మందులు కలిపి ఆరు వారాలు వదలకుండా వాడాలి. కానీ 'నువ్వు గొర్రెల్లో పనిచేస్తవా?' అని డాక్టరు అడగాలి కదా! అడగకపోతే మనమే చెప్పాలి.

ఈ రోగం కొత్తది కాదు. మాల్టా దీవిలో బ్రిటిష్ సైనికులు దీనితో చనిపోతుంటే 1887లో డేవిడ్ బ్రూస్ క్రిమిని కనిపెట్టాడు. అది మేకపాల నుంచి వస్తున్నదని 1905లో ఆ దీవి వైద్యుడు జమిత్ తేల్చాడు. 1906లోనే సైనికులకు మేకపాలు ఆపేశారు, వాళ్ళలో రోగం తగ్గింది. సైనికుడి ప్రాణానికి ఒక్క ఏడాదిలో దారి దొరికింది. మన జీతగాడి ప్రాణానికి నూరేళ్ళు దాటినా దొరకలేదు.

2019 పశుగణన ప్రకారం గొర్రెల్లో దేశంలో తెలంగాణది మొదటి స్థానం, ఆంధ్రప్రదేశ్‌ది రెండోది. తెలంగాణలో దాదాపు 1 కోటి 90 లక్షలు, ఆంధ్రలో దాదాపు 1 కోటి 76 లక్షలు. అదే 2019లో కేంద్రం పశురోగ నియంత్రణ కార్యక్రమం మొదలుపెట్టింది. అందులో బ్రూసెల్లా టీకా 4 నుంచి 8 నెలల ఆవు పెయ్యలకు, బర్రె దుడ్డెలకు. ఆ టీకా వరుసలో గొర్రెకు చోటు లేదు, మేకకు చోటు లేదు.

ప్రభుత్వం కదిలేదాకా చేతులు కట్టుకొని కూర్చోవద్దు. ఈసుకపోయిన పిల్లను, మాయను ఉత్త చేతులతో ముట్టొద్దు. గ్లౌజులు లేకుంటే మందపాటి ప్లాస్టిక్ కవర్లయినా తొడుక్కోవాలి, ముక్కుకు, నోటికి గుడ్డ కట్టుకోవాలి. ఊపిరాడని పిల్ల ముక్కులో నోటితో ఊదొద్దు. గర్భిణులు దొడ్డి దరికే పోవద్దు. ఈసుకపోయిన గొర్రెను మందనుంచి వేరు చేయాలి. పాతిపెట్టే ముందు 1962కు ఫోన్ చేసి పశువుల డాక్టరును పిలవాలి. పిల్లనూ మాయనూ పరీక్షకు పంపితేనే రోగం పేరు తెలుస్తది. పేరు తెలియకుండా దుకాణంలో కొన్న సూది పొడిస్తే బ్రూసెల్లా మందను వదిలిపోదు. పరీక్షకు తీసినంక మిగిలినదాన్ని బావికి, కుంటకు దూరంగా నాలుగడుగుల గుంటలో సున్నం చల్లి పాతాలి. కుక్కల పాలు చేయొద్దు. పాలు, జున్ను కాచకుండా ముట్టొద్దు. కొత్తగా కొన్న జీవాన్ని, ఎరువు తెచ్చిన పొట్టేలును రక్తపరీక్ష లేకుండా మందలో కలపొద్దు.

ఈసుకపోయిన గొర్రెను సంతకు తోలొద్దని కూడా చెప్పాలి. చెప్పడం తేలికే. మరి ఆ గొర్రె వెల ఎవరిస్తారు? నష్టం ఒక్కడే మోయాలంటే ఏ పేదవాడైనా దాచిపెట్టి అమ్ముతాడు. రోగం ఇంకో ఊరికి నడిచిపోతది. ఇది కాపరి మోసం కాదు, పరిహారం ఇవ్వని సర్కారు చేసిన పని.

2009 నాటి జంతువుల అంటురోగాల చట్టం జాబితాలో ఈ రోగం ఉంది. అనుమానం వస్తే మంద ఉన్నవాడు పంచాయతీకి చెప్పాలి, జీవాన్ని వేరు చేయాలి అంటుంది ఆ చట్టం. బాధ్యత మంద ఉన్నవాడిదయితే, చచ్చిన పిల్లను ఎత్తే పని వాడకు ఎందుకు రావాలి? తొడుగు ఇవ్వకుండా రమ్మంటే పోవద్దు. పోకపోతే పని పోతదని బెదిరిస్తే ఒక్కరుగా కాదు, వాడంతా కలిసి జవాబు చెప్పాలి.

మన డిమాండ్లు నాలుగు. గొర్రెల మందలకు ఉచిత రక్తపరీక్ష. రోగం తేలిన జీవానికి పరిహారం. కాపరులకు, జీతగాళ్ళకు, కోసే పనివాళ్ళకు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే పరీక్ష, మందు. చచ్చిన జీవాన్ని పాతే పనికి తొడుగులు, కూలి.

గొల్ల కురుమలారా, ఇది మీ మందకూ మా వాడకూ కలిపి వచ్చిన రోగం. కలిసి అడుగుదాం. గొర్రెకు వెల కడుతున్న ఈ దేశం దాన్ని సాకే చేతికి, ఎత్తే చేతికి ఏం వెల కడుతుందో తేల్చుకుందాం.