ఒక్క కూత మీద నడుస్తున్న జట్టు

మొన్నటి మ్యాచ్ గెలిచాక గేటు దగ్గర నుంచి హాస్టల్ దాకా డప్పులతో వచ్చాం. ఆ రాత్రి మెస్‌లో ప్లేట్ల మీద స్పూన్లతో కొట్టిన మోతకి వార్డెన్ గారు రెండుసార్లు లేచి వచ్చారు. ఆ కొట్టిన వాళ్లలో నేనూ ఉన్నాను. తర్వాత రూముకొచ్చి నా నోట్‌బుక్ తెరిచి చూసుకుంటే మాత్రం ఆ హుషారు సగానికి దిగిపోయింది.

ముందే చెప్పేస్తాను. మన కబడ్డీ జట్టులో నేను ఉన్నానంటే ఉన్నాను, లేనంటే లేను. పన్నెండో వాణ్ణి. మ్యాట్ ఎక్కే యోగం ఎలాగూ తక్కువ కాబట్టి బెంచీ మీద కూర్చుని ఎవరు ఎన్నిసార్లు కూతకి వెళ్లారు, ఎవరు ఏ మూల దొరికిపోయారు అని రాసుకుంటూ ఉంటాను. అందుకని ఇది గ్యాలరీలోంచి చూసి రాస్తున్నది కాదు, అలాగని లోపల ఆడి రాస్తున్నదీ కాదు. సైడ్ లైన్ మీంచి కనిపించినంత.

సీజన్ సగం దాటింది. లీగ్‌లో ఐదు ఆడాం, మూడు గెలిచాం, రెండు ఓడాం. ఇంకా మూడు ఉన్నాయి. వాటిలో రెండు గెలిస్తే సెమీస్ ఆశ గట్టిగానే ఉంటుంది. లెక్క ప్రకారం పరిస్థితి బాగానే ఉంది.

బలాలు ముందు చెప్పుకుందాం. మొదటిది మన కార్నర్లు. ఎడమ కార్నర్, కుడి కార్నర్ ఇద్దరూ డిప్లొమా రోజుల నుంచి కలిసి ఆడినవాళ్లే, లేటరల్ ఎంట్రీలో కలిసే మన కాలేజీకి వచ్చారు. ఒకడు యాంకిల్ పట్టాడంటే రెండోవాడు అప్పటికే బయల్దేరి ఉంటాడు. పిలవక్కర్లేదు, సైగ అక్కర్లేదు. రెండోది మన ఊపిరి. పొద్దున్నే ఐదున్నరకి పీడీ సార్ గ్రౌండ్ చుట్టూ పరిగెత్తిస్తుంటే అందరం తిట్టుకున్నాం గానీ, రెండో హాఫ్‌లో చివరి ఐదు నిమిషాలు అవతలి వాళ్లు నడుము పట్టుకుని నిలబడుతుంటే మనవాళ్లు ఇంకా కాళ్ల మీద ఆడుతూనే ఉంటారు. గెలిచిన మూడింటిలో రెండు మ్యాచ్‌లు అక్కడే మన వైపు తిరిగాయి.

మూడో బలం మీ అందరికీ తెలిసిందే. మన మెయిన్ రైడర్. మెకానికల్ ఫైనలియర్ అన్న. పేరు రాయక్కర్లేదు, మ్యాచ్‌కి వచ్చినవాళ్లు అరిచేది ఆ ఒక్క పేరే కదా.

మన బలహీనత కూడా ఆయనే. కాదు, తప్పు రాశాను. ఆయన కాదు, ఆయన మీద మనం వేసిన బరువు.

కబడ్డీలో ఒక చిత్రమైన సంగతి ఉంది. ఔటైనవాడు తనంతట తాను తిరిగి రాలేడు. మిగతావాళ్లు టచ్ చేసో, టాకిల్ చేసో పాయింట్ తెస్తేనే ఒక్కొక్కడు లోపలికొస్తాడు, అదీ ఔటైన వరసలోనే. బోనస్ పాయింట్ తెస్తే స్కోరు పెరుగుతుంది గానీ మనిషి తిరిగి రాడు. అంటే మెయిన్ రైడర్ దొరికాడంటే ఆయన్ని వెనక్కి తెచ్చే పని మిగిలిన ఆరుగురిదీ. ఆ ఆరుగురికీ రైడింగ్ రాకపోతే ఇక అవతలి వాళ్ల తప్పు కోసం ఎదురు చూడాలి, లేదా ఆలౌట్ అయిపోయి రెండు పాయింట్లు అదనంగా సమర్పించుకుని అందరం ఒకేసారి తిరిగి రావాలి. ఓడిన రెండు మ్యాచ్‌లలో మనం చేసింది ఇదే. ఆయన బెంచీ మీద నా పక్కన కూర్చుని టవల్ నోట్లో పెట్టుకుని కొరుకుతుంటే, లోపల మనవాళ్లు రెండు ఖాళీ రైడ్లు తిప్పి, మూడోది డూ ఆర్ డై రైడ్‌కి వెళ్లి దొరికిపోయారు. మళ్లీ అదే. మళ్లీ అదే.

నా నోట్‌బుక్‌లో ఐదు మ్యాచ్‌ల రైడ్లలో సగానికి పైగా ఆయనవే. మిగతా ఇద్దరు రైడర్లు చేతకాని వాళ్లేం కాదు. ప్రాక్టీస్‌లో సెకండియర్ సీఎస్ఈ కుర్రాడు చేసే హ్యాండ్ టచ్‌కి మన కార్నర్లే తడబడతారు. కానీ మ్యాచ్‌లో వాడికి పని ఎప్పుడొస్తుంది? అన్న ఔటైనప్పుడు, స్కోరు వెనకబడినప్పుడు, జనం నిశ్శబ్దమైనప్పుడు. ఈత రానివాణ్ణి వరదలోనే దింపుతాం అంటే ఎలా?

ఈ జబ్బు మన ఒక్కరిదే కాదు. మన తెలుగు టైటాన్స్‌నే చూడండి. 2023లో పవన్ సెహ్రావత్‌ని 2 కోట్ల 60 లక్షల 50 వేలకి కొన్నారు. ఆయన కొన్న ధరకి తగ్గట్టే ఆడాడు, ఆ సీజన్‌లో 200 పైచిలుకు రైడ్ పాయింట్లు తెచ్చాడు. జట్టు మాత్రం 22 మ్యాచ్‌లలో రెండే గెలిచి 12 జట్లలో అట్టడుగున నిలిచింది. ఒక్కడు ఎంత గొప్పగా ఆడినా జట్టు ఎంత కిందికి పోగలదో దీనికంటే బాగా ఎవరు చూపిస్తారు? ఇంకోవైపు 2018 జకార్తా ఆసియా క్రీడలు గుర్తు చేసుకోండి. 1990 నుంచి వరసగా ఏడుసార్లు స్వర్ణం తెచ్చిన భారత పురుషుల జట్టు సెమీస్‌లో ఇరాన్ చేతిలో 18-27తో ఓడింది. మన దగ్గర పేరున్న రైడర్లకి కొదవ లేదు. ఇరాన్ వాళ్లు వాళ్లని పాయింట్లు తీసుకోనివ్వకుండా గొలుసు కట్టి బిగించారు. డిఫెన్స్‌తోనూ మ్యాచ్ గెలవొచ్చని చెప్పడానికి ఇది చాలు. మనకి మంచి కార్నర్లున్నారు. కవర్లు మాత్రం తొందరపడతారు. లోపల ముగ్గురే మిగిలినప్పుడు పట్టుకుంటే సూపర్ టాకిల్, రెండు పాయింట్లు వస్తాయి. ఆ సమయంలోనే మన లెఫ్ట్ కవర్ ముందుకు దూకి టచ్ ఇచ్చేస్తాడు. ఓపిక పట్టడం కూడా ప్రాక్టీస్ చేయాల్సిన విషయమే.

ఇంకొకటి. మనం ప్రాక్టీస్ చేసేది మట్టిలో, మ్యాచ్‌లు ఆడేది మ్యాట్ మీద. మట్టిలో కాలు జారుతుంది, మ్యాట్ మీద బూటు పట్టేస్తుంది. మట్టి అలవాటుతో ఒంటికాలి మీద గిర్రున తిరగబోతే ఒళ్లు తిరుగుతుంది, పాదం అక్కడే ఉండిపోతుంది. నాలుగో మ్యాచ్‌లో అన్న మడమ దగ్గర మెలిక పడింది అలాగే.

అసలు విషయం ఇదే. దీని కోసమే ఇంత రాశాను. మొన్న గెలిచిన మ్యాచ్ ఆయన ఆ కాలితోనే ఆడాడు. డప్పులు కొట్టిన మనలో ఎంతమంది చూశారో గానీ, మర్నాడు వర్క్‌షాప్ బ్లాక్ మెట్లు రెయిలింగ్ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కుతున్నాడు. వెనకే వెళ్లి అడిగాను.

"కాలెలా ఉందన్నా?"

"బానే ఉందిలేరా. గట్టిగా కట్టు కట్టుకుంటే ఆడేయొచ్చు."

"శనివారం రెస్ట్ తీసుకోవచ్చుగా?"

"నేను దిగకపోతే ఎవడు దిగుతాడ్రా?"

గర్వంగా అన్నమాట కాదది. కొంచెం భయంగా అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు రాస్తున్నాను జవాబు.

శనివారం మ్యాచ్‌కి ఆయన్ని ఆడించకూడదు. ఆ రోజు మనకి ఎదురయ్యేది గ్రూపులోకెల్లా గట్టి డిఫెన్స్. వాళ్ల కార్నర్లు పట్టేదే మడమ. వాపు దిగని కాలిని తీసుకెళ్లి వాళ్ల చేతుల్లో పెట్టడం ఏం వ్యూహం? ఓడిపోతాం కదా అంటారు. ఓడే అవకాశమే ఎక్కువ, ఒప్పుకుంటాను. కానీ ఆ తర్వాతి రెండు మ్యాచ్‌లు మనం గెలవగలిగినవి. అప్పటికి ఆయన కాలు కొంచెమైనా కుదుటపడుతుంది, ఇటు సీఎస్ఈ కుర్రాడికి ఒక పూర్తి మ్యాచ్ అనుభవం వస్తుంది. సెమీస్‌కి వెళ్తే ఇద్దరు రైడర్లతో వెళ్తాం. ఇప్పటిలాగే ఆడితే, వెళ్తే గిళ్తే, ఒకటిన్నర కాలితో వెళ్తాం.

గ్రూపులో ఈ మాట అంటే నాకు వచ్చిన రిప్లైలు మీరు చూసే ఉంటారు. "ఆయనకిది లాస్ట్ సీజన్ బ్రో, ఆడనివ్వు" అన్నారు ఎక్కువమంది. ఆ మాటలో ప్రేమ ఉంది, కాదనను. నేనూ ఆ కూత వినడానికే ఫస్టియర్‌లో గ్రౌండ్‌కి వెళ్లడం మొదలుపెట్టినవాణ్ణి. కానీ ఆయనకిది చివరి సీజన్ గానీ చివరి కాలు కాదు కదా. డిగ్రీ పట్టా తీసుకున్నాక ఊళ్లో సంక్రాంతికి ఆడుకోవాలి, ఉద్యోగంలో చేరి మెట్లెక్కాలి. లిగమెంట్ తెగితే మనలో ఎవరం వెళ్లి కూర్చుంటాం ఆయన పక్కన? మనకి ఆ వారం మిడ్స్ ఉంటాయి.

పీడీ సార్‌కి ఈ మాట నేనూ, కార్నర్లిద్దరూ కలిసి చెప్పాం. ఆలోచిస్తానన్నారు. అన్నకి ఇంకా చెప్పలేదు. ఈ సంచిక వచ్చేసరికి చదువుతాడు, తిడతాడు. పర్లేదు.

మీరు చేయాల్సింది ఒకటుంది. శనివారం మ్యాచ్‌కి రండి. గెలిచే మ్యాచ్ కాకపోవచ్చు, అయినా రండి. ఆ సెకండియర్ కుర్రాడు గీత దాటి కూత మొదలుపెట్టగానే వాడి పేరు పెట్టి అరవండి. మొదటి రైడ్ ఖాళీగా వస్తే ఇంకా గట్టిగా అరవండి. పేరు తెలియకపోతే బెంచీ దగ్గరికి వచ్చి నన్నడగండి, నోట్‌బుక్‌తో అక్కడే ఉంటాను.